ఏమీ తెలియదని ధ్రువీకరించడమైనది

లంకలపేట మునిసిపల్ కమిషనర్ గారు రాజధానికి శిక్షణకు వెళ్ళకుండా ఉంటే ఈ గొడవే లేదు. ఆయన వెళ్ళారు. ఏసీ హాల్లో కూర్చున్నారు, మధ్యమధ్య జీడిపప్పు నమిలారు, ఆఖరు రోజున అందరితో కలిసి ఫోటో దిగారు. తిరిగొచ్చేటప్పుడు మిగతా అధికారులు ఇంట్లోవాళ్ళకు చీరలు తెచ్చుకుంటే, ఈయన మాత్రం ఊరికి ఒక ఆలోచన పట్టుకొచ్చారు.

ఆ ఆలోచన పేరు హక్కు బీమా.

మనిషి పోతే బీమా ఉంది. బండి గుద్దుకుంటే ఉంది. గేదె చచ్చినా ఉంది. కానీ షాపు అద్దెకిచ్చిన యజమాని అసలు యజమానే కాదని ఎప్పుడైనా తేలితే, పాపం, అద్దెకున్నవాడి గతేమిటి? ఈ బాధ లంకలపేటలో ఏ అద్దెదారుడికీ అంతవరకూ కలగలేదు. వాళ్ళకు కలగలేదు కాబట్టి వాళ్ళ తరపున కమిషనర్ గారే పడ్డారు. పడి, బస్టాండు ఎదురుగా ఉన్న మునిసిపల్ కాంప్లెక్సులో షాపు షాపుకీ నోటీసు అంటించారు.

"సదరు షాపులపై పురపాలక సంఘమునకు గల యాజమాన్య హక్కు నిజమైనదేనని లీజుదారులు తమ సొంత ఖర్చుతో బీమా చేయించుకొనవలెను. చేయించుకొనని వారి లీజు పునరుద్ధరింపబడదు. షాపునకు తాళము వేయబడును."

పంపన నూకరాజు ఈ నోటీసును కూడబలుక్కుని చదివాడు. అతని చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. కాంప్లెక్సులో అతనిది స్టీలు సామాన్ల షాపు. బిందెలు, క్యారేజీలు, పళ్ళేలు అమ్ముతాడు. కొన్నవాటి మీద బుర్రుమనే చిన్న మెషీనుతో పేర్లు చెక్కి ఇస్తాడు. లంకలపేటలో ఏ పెళ్ళిలో ఏ గిన్నె చదివించినా దాని అంచు మీద నూకరాజు అక్షరాలే ఉంటాయి. చెంబు ఎవరిదన్న తగువు వస్తే తిరగేసి చూస్తారు. పేరు ఎవరిదైతే చెంబు వాళ్ళది. అక్కడితో తగువు సరి. హక్కు అంటే నూకరాజుకు తెలిసింది అంతే.

ఆ షాపు రాకముందు అతని భార్య మాణిక్యం పాత బట్టలకు స్టీలు సామాన్లిస్తూ, నెత్తిమీద బుట్ట పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. మెడ నరాలు పట్టేసి రాత్రిళ్ళు మూలిగేది. షాపు వచ్చాక బుట్ట అటక మీదికెక్కింది. ఆషాఢం వెళితే లీజు గడువు తీరుతుంది. అటు శ్రావణం పెళ్ళిళ్ళకని ఉన్నదంతా పెట్టి సరుకు దింపాడు. షాపుకు తాళం పడితే బుట్ట మళ్ళీ అటక దిగాలి. ఎక్కవలసింది మాణిక్యం నెత్తిమీదికే.

నోటీసు పట్టుకుని నూకరాజు మునిసిపల్ ఆఫీసుకు పోయాడు. రెవెన్యూ అధికారి త్రిమూర్తులు గారు పళ్ళు కుట్టుకుంటూ కూర్చుని ఉన్నారు.

"ఏవండీ, షాపు ఎవరిదండీ?"

"మునిసిపాలిటీది."

"అద్దె ఎవరు పుచ్చుకుంటన్నారండీ?"

"మునిసిపాలిటీ."

"మరి మీది మీదేనని నేను బీమా కట్టడవేటండీ? ఇడ్లీ పాచిపోలేదని ఓటలోడు చెప్పాలి గానీ తినేవోడు పూచీ ఉంటాడా?"

"నీ మేలు కోసమేనయ్యా. రేపు ఈ స్థలం మాది కాదని తేలిందనుకో."

"మీది కాదేటండీ?"

"మాదే."

"మరింకేటండీ?"

"తేలితే, అన్నాను. తేలుతుంది అన్నానా? ప్రభుత్వంలో ఆ రెంటికీ చాలా దూరం."

"తేలితే మాత్రం, నా నట్టం మీరు కట్టాలి కదండీ?"

త్రిమూర్తులు గారు పుల్ల పక్కన పెట్టి జాలిగా చూశారు. "మేం కట్టేది ప్రజాధనం అవుతుంది. ప్రజాధనం తీసి ప్రజలకిచ్చామంటే ఆడిట్‌వాళ్ళు ఊరుకుంటారా?"

బీమా కంపెనీ శాఖ వెతుక్కోనక్కర్లేకుండా అదే కాంప్లెక్సులో మేడమీద వెలిసింది. కమిషనర్ గారే రిబ్బను కత్తిరించారు. మేనేజరు అభిరామ్ అని కుర్రాడు. ఉక్కపోతలో కూడా మెడకు టై బిగించుకుని, వచ్చినవాళ్ళందరికీ చాక్లెట్ ఇస్తాడు. నూకరాజుకూ ఇచ్చాడు.

"మీ టైటిల్‌లో ఏ లోపం బయటపడినా కంపెనీ మీ వెనక ఉంటుంది సార్. జస్ట్ ఒక్క చిన్న కండిషన్. మీకు ముందే తెలిసిన లోపానికి మాత్రం కవర్ రాదు."

"అంటే?"

"స్థలం మీద మీకేదైనా అనుమానం ఉంటే, అది తెలిసిన లోపం కిందికి వస్తుంది."

"నాకు అనుమానం లేదు బాబూ. ఇది కొండమ్మ కోడు కాలవ పూడ్చి కట్టిన కాంప్లెక్సని ఊరందరికీ తెలుసు కదా. వర్షవొస్తే ఇప్పటికీ గచ్చులోంచి నీళ్ళు ఊరతాయి. చిన్నప్పుడు సరిగ్గా నా షాపున్న కాడే గాలం వేసి కొర్రమీన్లు పట్టేవోణ్ణి."

అభిరామ్ చాక్లెట్ల డబ్బా మూసేశాడు. "అయ్యో, ఎందుకు చెప్పారు సార్?"

"నువ్వడిగావు కదా."

"నేను అడిగినా మీరు చెప్పకూడదు. ఇప్పుడు మీకు తెలుసని మాకు తెలిసిపోయింది. మీకు పాలసీ ఇవ్వాలంటే మీకేమీ తెలియదని మునిసిపాలిటీ నుంచి సర్టిఫికెట్ తేవాలి."

"తెలిసిన సంగతి తెలీదని మునిసిపాలిటీ ఎలా ఇత్తాది?"

"అది వాళ్ళ కోర్ కాంపిటెన్సీ సార్," అన్నాడు అభిరామ్, ఎంతో గౌరవంగా.

సంగతి కమిషనర్ గారి దాకా వెళ్ళింది. ఆయన ఇబ్బంది పడలేదు సరికదా ముఖం వెలిగిపోయింది. కొత్త సమస్య వస్తే కొత్త సంఘం వేయవచ్చు. మర్నాటికల్లా తెలియమి నిర్ధారణ సంఘం ఏర్పాటయింది. అధ్యక్షులు కమిషనర్ గారు. సభ్యులు త్రిమూర్తులు గారు, అభిరామ్. లీజుదారులు ఒక్కొక్కరూ సంఘం ముందు హాజరై తమకు ఏమీ తెలియదని నిరూపించుకోవాలి. ఎవరికైనా ఏదైనా తెలిసిందని తేలితే ఫెయిలు.

మునిసిపాలిటీ ప్రాథమిక పాఠశాలలో నల్లబల్లకు రంగు వేయించే దిక్కు లేదు గానీ, ఈ పరీక్షకు హాలు, ఫ్యాన్లు, గ్లాసుల మీద మూతలతో మంచినీళ్ళు అన్నీ సిద్ధమయ్యాయి. ఊళ్ళో రిటైరైన మాస్టారొకాయన వెంటనే శిక్షణా కేంద్రం తెరిచారు. ముప్పై ఏళ్ళపాటు పిల్లలకు తెలియజెప్పలేక అలసిపోయిన మనిషి. తెలియకుండా చెయ్యడంలో ఆయన దిట్ట అని షాపులవాళ్ళు క్యూ కట్టారు.

మొదటి పరీక్ష నూకరాజు పక్క షాపు జిలానీది. జిలానీ చెప్పులమ్ముతాడు. జీవితంలో ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పినవాడు కాదు.

"మీ షాపు కింద ఏముంది?" అని అడిగారు కమిషనర్ గారు.

"షాపులో అయితే చెప్పులున్నాయండి."

"చెప్పుల కింద?"

"చెప్పుల పైన కాళ్ళుంటాయండి. కింద సంగతి తొడుక్కున్నోళ్ళని అడగాలండి."

"అద్భుతం!" అన్నారు కమిషనర్ గారు. జిలానీకి ఫస్టు క్లాసు.

నూకరాజు వంతు వచ్చింది. మాణిక్యం ఇంటి దగ్గర గట్టిగా చెప్పి పంపింది, ఏమడిగినా తెలీదనమని. అతను అలాగే అన్నాడు. షాపు కింద ఏముంది? తెలీదండి. కోడు అంటే ఏమిటి? తెలీదండి. కొండమ్మ ఎవరు? తెలీదండి. అక్కడికి గట్టెక్కినట్టే. త్రిమూర్తులు గారు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టబోతూ కలం మూత తీశారు.

కమిషనర్ గారు ఒళ్ళు విరుచుకుని, కబుర్లలో పడ్డట్టుగా అన్నారు. "ఏమిటో త్రిమూర్తులూ, గోదావరి జిల్లా అని పేరే గానీ ఈ ఊళ్ళో మంచి కొర్రమీను దొరకదు. ఎప్పుడూ దొరికిన ఊరు కూడా కాదట."

నూకరాజు ఆగలేకపోయాడు. ఊరి పరువు తీస్తే ఎలా ఆగుతాడు? "ఎవరండీ ఆ మాటన్నది? మోచెయ్యంత కొర్రమీన్లండీ! నేనే ఎన్ని పట్టానో. ఇప్పుడు నా షాపున్న కాడ, ఆ కౌంటరు..."

త్రిమూర్తులు గారు కలం మూత పెట్టేశారు.

"అభ్యర్థికి భూగర్భ విషయములపై గాఢమైన పరిజ్ఞానము కలదు," అని కమిషనర్ గారు పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు. "ఫెయిలు. ఆషాఢం లోపల మరొక అవకాశం ఇవ్వవచ్చు. ఈలోగా మరచిపోవుటకు కృషి చేయవలసినదిగా సూచించడమైనది."

బయట మెట్ల మీద జిలానీ కాసుకుని కూర్చున్నాడు. "ఏమన్నయ్యా, నోరు అద్దెకిచ్చావా ఏంటి? చేప పేరెత్తితే చాలు, లోపలున్నదంతా కక్కేత్తావా?"

"మరి దొరకదంటాడేట్రా!"

"దొరకదనీ. పోయేది ఆయన నోట్లో ముద్దేగా. నీకు పోయేది షాపు."

ఆ మాట నూకరాజు గుండెలో దిగింది. ఇంటికొచ్చేసరికి మాణిక్యం అప్పటికే విని, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ బుట్ట దింపేదా?" అంది.

ఆ రోజునుంచి చదువు మొదలైంది. అన్నం పెడుతూ అడుగుతుంది, నీళ్ళు తోడుతూ అడుగుతుంది, అతను నిద్రలో పక్కకు తిరిగితే అప్పుడూ అడుగుతుంది. "కోడంటే?" "తెలీదు." "కొర్రమీనంటే?" "తెలీదు." "ఎప్పుడైనా తిన్నావా?" ఇక్కడ నూకరాజు పెదాలు నాక్కునేవాడు. గరిటె లేచేది. "తెలీదు తెలీదు." ఒకసారి అలవాటులో పడి, అతని పేరేమిటని కరెంటు బిల్లు కుర్రాడు అడిగితే తెలీదనేశాడు. మాణిక్యం మురిసిపోయి ఆ పూట పకోడీలు వేసింది.

రెండోసారి పరీక్షలో కమిషనర్ గారు చేపల పేర్లన్నీ వరసగా చదివారు. కొర్రమీను పులుసు ఎలా పెడతారో తప్పులతో వర్ణించారు. చింతపండు వెయ్యక్కర్లేదన్నారు. నూకరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పెదవి కదపలేదు. కమిషనర్ గారూ, త్రిమూర్తులు గారూ సంతకాలు పెట్టేశారు.

"శ్రీ పంపన నూకరాజు అను వారికి తమ షాపు గురించి గాని, షాపు కింది నేల గురించి గాని, నేల కింది సంగతుల గురించి గాని ఏమియు తెలియదని ధ్రువీకరించడమైనది. వీరి తెలియమి సంపూర్ణమైనది, శాశ్వతమైనది."

మాణిక్యం దానికి లామినేషన్ చేయించింది. అభిరామ్ పాలసీ చేతిలో పెట్టి ఈసారి రెండు చాక్లెట్లు ఇచ్చాడు. లీజు పునరుద్ధరించారు. నూకరాజు షాపు గుమ్మానికి పసుపు రాసి, గొలుసు వేసి బయట పెట్టే పెద్ద గంగాళాన్ని తళతళా తోమించి, శ్రావణం పెళ్ళిళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

శ్రావణం కంటే ముందు వాన వచ్చింది.

పట్టిన వాన పట్టినట్టే ఉంది. గచ్చులో ముందు చెమ్మ ఊరింది, తర్వాత బుడగలొచ్చాయి, తర్వాత పలకలు లేచిపోయి కొండమ్మ కోడు తన ఇంటికి తాను వచ్చింది. జిలానీ చెప్పులు జతలు విడిపోయి షాపులన్నీ తిరుగుతున్నాయి. ఆ నీళ్ళ వెనకాలే జీపులో డ్రెయిన్ల శాఖ ఇంజనీరు దిగారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాంప్లెక్సు మధ్యలో నిలబడి ప్రకటించారు.

"ఇది మా కోడు. నీరు తన స్థలాన్ని తాను గుర్తుపట్టింది. శాఖ కూడా గుర్తుపట్టింది. మునిసిపాలిటీకి ఇక్కడ ఏ హక్కూ లేదు."

త్రిమూర్తులు గారు వెంటనే ఒప్పేసుకున్నారు. తేలితే అని ఆయన ముందే అన్నారు కదా.

షాపులవాళ్ళంతా పాలసీలు పట్టుకుని మేడెక్కారు. ఇన్నాళ్ళకు బీమా పనికొచ్చింది, యజమాని యజమాని కాదని తేలింది, నష్టం కట్టమన్నారు. అభిరామ్ మర్యాదగా విన్నాడు.

"నీళ్ళు మీ కాళ్ళకు తగిలాయా సార్?"

"మోకాళ్ళ దాకా వచ్చాయి బాబూ."

"తగలగానే మీకు లోపం తెలిసినట్టే కదా సార్. మీరు క్లెయిము పెట్టింది తగిలిన తర్వాత. అంటే తెలిసిన లోపం. తెలిసిన లోపానికి కవర్ రాదు."

"మరి తెలీకుండా ఎలా పెడతారయ్యా క్లెయిము?" అని అరిచాడు జిలానీ.

"ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు సార్," అన్నాడు అభిరామ్. "మా ఆఫీసు కూడా ఈ కాంప్లెక్సులో లీజుదారే. మేమూ మా దగ్గరే పాలసీ తీసుకున్నాం. పొద్దున్నే క్లెయిము పెట్టుకున్నాం. ఇందాకే మేమే తిరస్కరించుకున్నాం. మీకు ఒక న్యాయం, మాకు ఒక న్యాయం ఉండదు సార్."

కింద ఇంజనీరు గారు తాళాలు వేయించడం మొదలుపెట్టారు. అయితే ఒక వెసులుబాటు చెప్పారు. "ఇది కోడు అని ముందునుంచీ తెలిసి, ఒప్పుకుని ఉన్నవారికి నీరు తగ్గాక శాఖ తాత్కాలిక అనుమతి ఇస్తుంది. తెలియకుండా ఉన్నవాడు ఆక్రమణదారు. వాడికి అనుమతి లేదు."

నూకరాజు నీళ్ళలోనే పరుగెత్తాడు. "నాకు తెలుసండీ! నాకు మొదట్నుంచీ తెలుసండీ బాబూ! ఇది కొండమ్మ కోడండి! చిన్నప్పుడు గాలం వేసేవోణ్ణండి!"

ఇంజనీరు గారు షాపు గోడకు తగిలించిన లామినేషన్ వైపు చూశారు. దగ్గరకెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"సంపూర్ణమైనది, శాశ్వతమైనది. ఇద్దరు అధికారుల సంతకాలు, రౌండు సీలు. ఏమయ్యా, ప్రభుత్వ ధ్రువపత్రం అబద్ధమంటావా? అది మళ్ళీ వేరే కేసు."

"సావకాశంగా వినండి బాబూ, ఇది వాళ్ళే నా చేత..."

"నీకు తెలుసని నువ్వంటున్నావు. నీకు తెలియదని ప్రభుత్వం అంటోంది. నీ సంగతి నీకంటే ప్రభుత్వానికే బాగా తెలుస్తుంది."

"లోపల సామానండీ? సరుకంతా లోపలే ఉందండి."

"కోడులో ఉన్న సామాను శాఖది. పేర్లున్న గిన్నెలేమైనా ఉంటే ఆ పేరుగలవాళ్ళు వచ్చి నిరూపించుకుని పట్టుకెళ్ళవచ్చు."

ఊరందరి గిన్నెల మీదా పేర్లు చెక్కిన నూకరాజు తన పేరు ఒక చెంచా మీద కూడా చెక్కుకోలేదు. లామినేషన్‌నూ, పేర్లు చెక్కే మెషీన్నూ చంకన పెట్టుకుని అతను చూస్తూ ఉండగానే షట్టరు దిగింది, తాళం పడింది, తాళం మీద లక్క పడింది. సరుకులో, బయట గొలుసుతో ఉన్న గంగాళం ఒక్కటే మిగిలింది. అది కోడు అంచుకు జానెడు అవతల ఉందని శాఖవాళ్ళు టేపు పెట్టి మరీ తేల్చారు.

మర్నాడు మాణిక్యం అటక మీంచి బుట్ట దింపి, బూజు దులిపి, ఇంట్లో వాడుకునే గిన్నెలే అందులో సర్ది, నెత్తిమీద చుట్ట పెట్టుకుంది. "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా" అని వీధి మొదట్లో ఆమె కేక వినిపిస్తుంటే నూకరాజు ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఆ కేకలో వయసు తెలుస్తోంది.

ఇంతలో రాజధాని నుంచి కబురొచ్చింది. హక్కు బీమా అమలైన ఊళ్ళన్నిటిలోకీ లంకలపేట మొదటిదిగా నిలిచింది. ఎందుకంటే అక్కడ ఒక్క క్లెయిము కూడా చెల్లించవలసిన అవసరం రాలేదు. పథకం ఇంత సాఫీగా నడిచిన ఊరు ఇంకోటి లేదట. కమిషనర్ గారికి ప్రమోషన్. ఇక రాష్ట్రమంతా తిరిగి అందరికీ నేర్పాలి.

వీడ్కోలు సభకు పౌరుల తరపున కానుక ఏముండాలా అని త్రిమూర్తులు గారు ఆలోచించి నూకరాజు ఇంటికి వచ్చారు. "నీ గంగాళం మిగిలింది కదయ్యా. దాని మీద కమిషనర్ గారి పేరు అందంగా చెక్కు. ఆయన వెళ్ళేటప్పుడు మంచి మాట అనిపించుకుంటే రేపు ఎక్కడైనా పనికొస్తుంది."

మాణిక్యం బుట్ట దించుకుంటూ గుమ్మంలో ఆగిపోయింది. మొగుడు బూతులు తిడతాడనుకుంది. అతను తలూపాడు.

"ఆయ్, అలాగేనండి. మూతతో సహా ఇత్తానండి," అన్నాడు.

సభ మునిసిపల్ ఆఫీసు ఆవరణలో పెట్టారు. తాళాలు పడ్డ షాపులవాళ్ళందరినీ పౌరుల కింద పిలిపించి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. త్రిమూర్తులు గారు కమిషనర్ గారిని దూరదృష్టి కలవారన్నారు. అభిరామ్ పట్టు శాలువా కప్పి చాక్లెట్ల బుట్ట ఇచ్చాడు. తర్వాత నూకరాజు, జిలానీ చెరొక చెవీ పట్టుకుని గంగాళాన్ని వేదిక మీదికి తెచ్చారు. ఉత్త గంగాళం అంత బరువుండదు. కానీ అంత గౌరవంగా మోస్తుంటే ఎవరూ అనుమానించలేదు.

అంచు మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "లంకలపేటకు యజమాని ఎవరో తేల్చిన కమిషనర్ గారికి." చదువుకుని ఆయన పొంగిపోయి, ఫోటోవాళ్ళ వైపు నవ్వుతూ మూత ఎత్తారు.

లోపలినుంచి మోచెయ్యంత కొర్రమీను ఎగిరి, తోకతో ఆయన చెంప మీద ఒకటిచ్చి, పట్టు శాలువాలో పడింది. దాని వెనకాల ఇంకొకటి. కోడు నీళ్ళు వేదికంతా చిమ్మాయి. శాలువా బురదైంది. కమిషనర్ గారు కుర్చీ ఎక్కారు.

"ఏమిటిది? ఎక్కడివయ్యా ఈ చేపలు?" అని కేకేశారు.

నూకరాజు చేతులు కట్టుకున్నాడు. అతని షాపు షట్టరు కింద వల కట్టి రెండు రోజులు కాపు కాసిన జిలానీ కూడా చేతులు కట్టుకున్నాడు.

"తెలీదండి," అన్నాడు నూకరాజు.

"తెలీదా! నీ గంగాళమేగా? ఎక్కడ పట్టావు?"

"సంపూర్ణంగా తెలీదండి. శాశ్వతంగా తెలీదండి. తమరి సంతకమేనండి." చొక్కాలోంచి లామినేషన్ తీసి వినయంగా చూపించాడు.

కమిషనర్ గారు కుర్చీ మీదినుంచే ముందు వరసల వైపు వేలు చూపించారు. "మీలో ఎవరికి తెలుసు? ఈ పని ఎవరు చేశారో చెప్పండి!"

షాపులవాళ్ళంతా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. చొక్కా జేబుల్లోకి చేతులు పోయాయి. పత్రాలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. సర్కారువారు శ్రద్ధగా నేర్పిన ఒకే ఒక్క పాఠాన్ని అందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పారు.

"తెలీదండీ!"

వెనక వరసలో బుట్ట పక్కన నిలబడ్డ మాణిక్యానికి సర్టిఫికెట్ లేదు. ఆమె గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది.